కాగితం అందించే మనిషి

"ఆ చేతుల మడత బాగా రావాలి జోలేకా. ఇవాళ ఆడవాళ్ళ రక్షణ గురించి మాట్లాడాలి నేను."

లువుయో అద్దం ముందు గడ్డం గీసుకుంటూ అన్న మాట అది. జోలేకా ఇస్త్రీపెట్టెని ఇంకాస్త నొక్కింది. సార్జెంటు చొక్కా లేత నీలం. కాస్త ముడత ఉన్నా కనిపిస్తుంది, కనిపించిందంటే సాయంత్రం దాకా అదే సాధింపు. పొయ్యి మీద మొక్కజొన్న జావ ఉడుకుతోంది. కూతురు ఒంటి బూటుతో నిలబడి రెండో బూటు కోసం ఏడుస్తోంది. వరండాలోంచి అత్తగారు, "ఈ ఇంట్లో టీ తాగే యోగం ఉందా నాకు?" అని ఎవరినో అడిగినట్టు ఆకాశాన్ని అడుగుతోంది. ముగ్గురికి ముగ్గురు మనుషులు కావాలి. ఉన్నది తనొక్కతే, అందులోనూ ఆదివారం నుంచి ఎడమ మణికట్టు తిరగడం లేదు.

వస్తున్నానని చెబుదామంటే గొంతు పెగల్లేదు. అదీ ఆదివారం నుంచే. అంతకుముందు అయితే నెట్టడం, జుట్టు పట్టుకోవడం, తలుపుకేసి నొక్కడం. లువుయో చెయ్యి గొంతు దాకా రావడం ఇది రెండోసారి. వదిలేశాక లువుయో అరవలేదు. "ఈసారికి వదిలేశాను. మళ్ళీసారి వదలను," అని, రేపు వాన పడొచ్చు అన్నంత మామూలుగా అన్నాడు. అని, నడుముకున్న పిస్తోలు తీసి భోజనాల బల్ల మీద పెట్టి, "బరువుగా ఉంది," అంటూ జావలో పులిసిన పాలు పోసుకుని తిన్నాడు. ఆ క్షణం నుంచి జోలేకాకి ఒకటే ఆలోచన. మళ్ళీసారి ఎప్పుడు? జావ అడుగంటిన రోజా? ఫోను ఎత్తడం ఆలస్యమైన రోజా? ఇదిగో, ఈ చొక్కా మీద ముడత కనిపించిన రోజా?

నవ్వొచ్చే సంగతేమిటంటే, ఆ ఊరి మేజిస్ట్రేటు కోర్టులో ఈ కేసులు చూసే గుమాస్తా జోలేకాయే. మొగుడి దెబ్బలకి తాళలేక రక్షణ ఉత్తర్వు కోసం వచ్చే ఆడవాళ్ళు మొట్టమొదట కూర్చునేది ఆమె బల్ల ముందే. మంచినీళ్ళిచ్చి, "కంగారు పడకమ్మా, ఆఖరుసారి ఏం జరిగిందో అక్కణ్ణుంచి చెప్పు," అంటుంది. చెప్పింది రాసుకుంటుంది. మేజిస్ట్రేటు చదివి ముద్ర వేస్తారు. కానీ ఆ కాగితం మొగుడి చేతికి అందేదాకా దానికి విలువ లేదు. అందించే పని పోలీసులది. ఆ ఊరి పోలీసుల్లో ఆ పని ఏళ్ళ తరబడి ఒక్కడిదే. సార్జెంటు లువుయో జీపేసుకుని కొండల మీది ఇళ్ళకి వెళ్ళి, మొగుడికి నాలుగు మంచిమాటలు చెప్పి మరీ ఇచ్చి వస్తాడు. అలాంటి మొగుడు దొరకడం నీ అదృష్టం అని చాలామంది జోలేకా చేతులు పట్టుకుని చెప్పారు. ఆమె ఆ మాటలకి తలూపింది. ఊపక ఏం చేస్తుంది?

చెప్పుకోలేదా అంటే, చెప్పుకుంది. అత్తగారికి చెబితే, "ఓలిగా ఎనిమిది ఆవుల్ని తోలిచ్చి తెచ్చుకున్నాం నిన్ను. మీ నాన్న వాటిని వెనక్కి తోలుకొస్తాడా?" అంది. "నా మొగుడు కొట్టలేదా? నేను పోలీసుల దగ్గరికి పరిగెత్తానా? నీకైతే పోలీసు ఇంట్లోనే ఉన్నాడు," అని కూడా అంది. తల్లికి ఫోను చేస్తే, "పెళ్ళినాడు పెద్దలు ఏం చెప్పారే నీకు? ఓర్చుకోమన్నారు. ఓర్చుకో," అని పెట్టేసింది. మొదటిసారి గొంతు పట్టుకున్నప్పుడు వ్యానెక్కి పక్క ఊరి పోలీసు స్టేషనుకే వెళ్ళింది జోలేకా. అక్కడి కుర్రాడు ఆమె ముఖం చూసి లేచి నిలబడ్డాడు. "అయ్యో, సార్జెంటుగారి భార్య కదూ! కూర్చోండమ్మా," అని మర్యాదగా కుర్చీ వేసి, లోపలికెళ్ళి లువుయోకే ఫోను చేశాడు. లువుయో నవ్వుతూ వచ్చి తీసుకెళ్ళాడు. దారిలో కోడివేపుడు కొనిపెట్టాడు. ఇల్లు చేరాక ఏం జరిగిందో జోలేకా ఇప్పటికీ తనకి తాను కూడా చెప్పుకోదు.

ఇవాళ లువుయో మాట్లాడాల్సిన కార్యక్రమం కోర్టు వెనక హాల్లో. ఆడవాళ్ళు ముందే వచ్చి కుర్చీలు వేశారు, మగవాళ్ళు వచ్చి కూర్చున్నారు. రాజధాని ప్రిటోరియా నుంచి వచ్చిన రెఫిల్వే అనే అమ్మాయి శిక్షణ ఇస్తోంది. చురుకైన పిల్ల, మాట మాట్లాడితే చప్పట్లు కొట్టిస్తుంది. కోర్టు, పోలీసులు, ఆసుపత్రి అంతా ఒక జట్టుగా ఏర్పడి వంద రోజుల్లో ఒక్క లక్ష్యం సాధించాలి. ఆ లక్ష్యం పైవాళ్ళు పెట్టేది కాదు, వీళ్ళే పెట్టుకోవాలి.

"అలవిగాని లక్ష్యం పెట్టుకోండి! వింటే భయం వెయ్యాలి!" అంది రెఫిల్వే.

లువుయో లేచాడు. చొక్కా మీద ఒక్క ముడత లేదు. "పొద్దున్న ఫిర్యాదు ఇచ్చిన ఆడమనిషికి సాయంత్రం లోపల రక్షణ అందాలి. ముద్ర పడ్డ కాగితం పొద్దుగూకే లోపల ఆ మగాడి చేతిలో ఉంటుంది. ఆ పూచీ నాది," అన్నాడు.

హాలంతా చప్పట్లు. మేజిస్ట్రేటు పీటర్సన్‌గారు కూడా కొట్టారు. జోలేకా కూడా కొట్టింది. మణికట్టు కలుక్కుమంది.

"సరే, ఒకసారి నాటకంలా ఆడి చూద్దాం," అంది రెఫిల్వే. "ఒకరు ఫిర్యాదు చేసే మనిషి. కాగితం బల్ల చుట్టూ చేతులు మారుతూ వెళ్ళాలి. ఎక్కడ ఆగుతుందో చూద్దాం. ఫిర్యాదీగా ఎవరుంటారు?"

"మా ఆవిణ్ణి పెట్టండి," అన్నాడు లువుయో. "మాటలు రావు గానీ ఏడవడం బాగా వచ్చు."

అందరూ నవ్వారు. గుమాస్తా కుర్చీలో నర్సు నోన్‌సెబా కూర్చుంది. అత్తగారితో కలిసి చర్చికి వెళ్ళే పెద్దావిడ, జోలేకాని మకోటీ అని, అంటే కోడలుపిల్లా అని పిలుస్తుంది.

"చెప్పు మకోటీ. ఏం జరిగింది?"

"గొంతు పట్టుకున్నాడు," అంది జోలేకా.

"గట్టిగా చెప్పవే, జలుబు చేసినట్టు ఆ గొంతేమిటి?"

"ఇంత నెమ్మదిగా చెబితే ఎవరు నమ్ముతారు? దెబ్బలు తిన్న మనిషి వణకాలి కదా," అన్నారు పీటర్సన్‌గారు, సాయం చేద్దామనే.

"ఎందుకు పట్టుకున్నాడు? నువ్వేమన్నావు?" అని వెనకనుంచి ఇంకెవరో అడిగారు.

"ఏమీ అనలేదు. పిల్ల పాలు ఒలకబోసింది."

"అది అతకదమ్మా. పాలు ఒలికితే గొంతు పిసుకుతాడా ఎవడైనా? ఇంకాస్త పెద్ద కారణం పెట్టు," అంది నోన్‌సెబా కలం ఆపి.

జోలేకా తల దించుకుంది. తన బతుకు తనకే సరిగ్గా నటించడం రావడం లేదట! సిగ్గు, కోపం, ఏడుపు ఒక్కసారే ముంచుకొచ్చాయి, ఏదీ బయటికి రాలేదు. ఎదురుగా లువుయో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఈ ఆటలో కాగితం ఆఖరుకి చేరే పోలీసు కుర్చీ అదే. చూస్తున్నాడు, పెదాల మీద నవ్వు అలాగే ఉంది. ఆ నవ్వుకి అర్థం ఆమె ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు నోరు తెరిస్తే సాయంత్రం ఆ ఇంటికే వెళ్ళాలి. తెరవకపోయినా ఆ ఇంటికే వెళ్ళాలి. పిల్ల అక్కడే ఉంది. పక్క ఊళ్ళో అయితే ఆయనకి ఫోను చేసి పిలిపించారు. ఇక్కడ పిలిపించే పని లేదు, ఇక్కడే ఉన్నాడు. ఇక్కడ మేజిస్ట్రేటు ఉన్నారు, నర్సు ఉంది, ఆయన పేరు కూడా సరిగ్గా తెలియని ప్రిటోరియా పిల్ల ఉంది. ఇంతమంది మళ్ళీ ఎప్పుడూ ఒక్కచోట కూర్చోరు. ధైర్యం కాదది. వెళ్ళడానికి ఇంకో చోటు లేకపోవడం.

"సరేలే, పాలే రాస్తున్నా," అంది నోన్‌సెబా. "మొగుడి పేరు?"

"లువుయో మతివానే."

అందరికంటే ముందు లువుయోనే నవ్వాడు. "చూశారా, ఉత్తుత్తి మొగుడికి కూడా నేనే దొరికాను!" హాలంతా విరగబడి నవ్వింది.

"కల్పించి చెప్పాలి మకోటీ. ఇంకో పేరు చెప్పు."

"నాకు ఇంకో మొగుడు లేడమ్మా."

ఆ నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. ముందు మేజిస్ట్రేటుది, తర్వాత వెనక వరసవాళ్ళది. రెఫిల్వే చప్పట్ల కోసం ఎత్తిన చేతులు మెల్లగా దించింది.

"జోలేకా. చాలు. కూర్చో," అన్నాడు లువుయో. అది ఇంట్లో మాట్లాడే గొంతు. హాల్లో ఉన్నవాళ్ళు దాన్ని వినడం అదే మొదలు.

ఆమె కూర్చోలేదు. ఆయన వైపు చూడనూ లేదు. చూస్తే ఆగిపోతానని భయం. పీటర్సన్‌గారి వైపు తిరిగి, బొంగురుపోయిన ఆ గొంతుతోనే చెప్పింది.

"ఆదివారం గొంతు పిసికాడు, అయ్యగారూ. మళ్ళీసారి వదలనన్నాడు. ఇది ఆట కాదు. అది కూడా రాయించండి, రాయించి ముద్ర వెయ్యండి. సాయంత్రం లోపల అందాలని ఇందాక అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్క సంగతి మాత్రం నాకు తెలీక అడుగుతున్నాను. ఈ ఊళ్ళో కాగితం అందించే మనిషి ఆయనే. ఆయనకి ఎవరు అందిస్తారు?"