పుస్తకంలో లేని పేరు

తప్పెట మోగేసరికి నాగులమ్మ బిట్రగుంటకు తీసుకుపోవాల్సిన చేపల కోసం ఐసు పగలగొడుతూ ఉంది. చేతిలో సుత్తి అట్లాగే ఆగిపోయింది. ఆ మోతకు అర్థం జాలర్ల పాళెంలో పసిబిడ్డకు కూడా తెలుసు. తమిళనాడు వైపు నుంచి సోనాబోట్లు, అంటే పెద్ద ఇంజన్ల మరబోట్లు, ఒడ్డు దగ్గరికొచ్చి వలలు తెంపాయి. ఇంటికొకరు పడవెక్కి పోరాడాలి. ఎక్కని ఇంటికి దురాయి వేస్తారు. ఆ ఇంటికి ఎవరూ నిప్పు ఇవ్వరు, నీళ్ళు ఇవ్వరు, ఆ ఇంటి చేప ముట్టరు.

నాగులమ్మ ఇంట్లో మగవాడు ఒక్కడే, కొడుకు శివ. వాడప్పటికే లుంగీ ఎగ్గట్టి కర్ర అందుకున్నాడు.

"యాడికిరా?"

"తప్పెట ఇనపళ్ళేదా?"

"ఇన్నాలే. నువ్వు కదలబాక."

వాడు డిగ్రీ మొదటి ఏడు రెండు సబ్జెక్టులు తప్పి, పుస్తకాలు మూలన విసిరి, ఇక వలకే పోతానన్నవాడు. ఆ పూట నాగులమ్మ అన్నం పెట్టలేదు. చెంప వాచేట్టు కొట్టి మళ్ళీ కావలి బస్సెక్కించింది. మూడో ఏటికి కాలేజీలో రెండోవాడయ్యాడు. అయినా ఏం కావాలో వాడికి తేలలేదు. కొన్నాళ్ళు బ్యాంకన్నాడు, కొన్నాళ్ళు పంతులు పనన్నాడు. చివరికి, "సముద్రం వదల్లేనమ్మా, వల పట్టలేను" అని కోస్టుగార్డు పరీక్ష రాశాడు. రాతా అయింది, పరుగూ అయింది. ఇక ఇతని మీద ఏ కేసూ లేదని స్టేషన్ నుంచి కాగితం పోవడమే మిగిలింది.

"తెగింది నాయన వదిలిపోయిన వలమ్మా. అందరి కొడుకులూ తలలు పగలగొట్టుకుంటా ఉంటే నేను గాజులు తొడుక్కోని కూచోవాల్నా?"

తలగుడ్డ కోసం లోపలికి పోయాడు. నాగులమ్మ బయట తాళం వేసింది. తలుపు మీద గుద్దులు పడుతుంటే, సుత్తి చేతిలో ఉన్నదున్నట్టే రేవుకు పరుగెత్తింది.

పాళెం పెద్ద, పెదకాపు పోలేరయ్య పడవకు అడ్డం నిలబడ్డాడు. "ఏందిమే, సోనాబోటోళ్ళకు చేపలమ్మను పోతుండావా? ఆడది పడవెక్కితే గంగమ్మకు ఆగదు. కొడుకును పంపించు."

"మా ఆయన్ను మింగేటప్పుడు గంగమ్మ నన్నడిగిందా మామా? మా ఇంటికి నేనొచ్చినా. జరుగు."

ఎవరో నవ్వారు. ముందు పడవలు కదిలిపోతున్నాయి. వాదించే వేళ కాదు. పోలేరయ్య జరిగాడు, ఆమె పడవెక్కింది.

గంటలో ఒక సోనాబోటు చిక్కింది. మొదట రాళ్ళు లేచాయి. తర్వాత పైనుంచి కాగే నీళ్ళు కుమ్మరించారు. పడవలో ముందు నిలబడ్డ పెంచలకృష్ణ మెడ మీద తోలు ఉల్లిపొరలా లేచిపోయింది. వాడు నోరు తెరిచాడు గాని అరుపు రాలేదు, సముద్రంలోకి దూకాడు. పాళెంవాళ్ళు కొక్కెం తాళ్ళు విసిరి పైకి ఎగబాకారు. తల మీద తెడ్డు పడితే టెంకాయ కొట్టినట్టు చప్పుడవుతుందని నాగులమ్మకు ఆ రోజే తెలిసింది. ఒకడి పళ్ళు రాలాయి. ఒకడి చెవి సగం తెగి వేలాడింది.

ఇంటి వంతు తీరితే చాలు, పడవలోనే కూర్చుందామనుకుంది. కానీ సోనాబోటు పైన ఒక కుర్రవాడు తమ కొక్కెం తాడు కత్తితో కోస్తున్నాడు. అది తెగితే పైకెక్కినవాళ్ళు అక్కడే చస్తారు. కత్తి పట్టిన వాడి కుడిచెయ్యి, లేస్తే అందేంత ఎత్తులో, బోటు అంచు మీద ఉంది. నాగులమ్మ లేచి, ఐసు కొట్టినట్టే కొట్టింది. మొదటి దెబ్బకే కత్తి జారిపోయింది. ఆపాల్సింది. ఆపలేదు. వాడు అరవంలో వద్దమ్మా, వద్దమ్మా అంటూనే ఉన్నాడు. ఇంకో రెండు కొట్టింది.

చిక్కిన బోటును రేవుకు లాక్కొచ్చేసరికి పోలీసులు కాచుకుని ఉన్నారు. కేసు పడితే పాళెమంతా పంచుకోవాలి, ఎవరూ తప్పుకోకూడదు. అదీ కట్టుబాటే. పోలేరయ్య ఊరి పుస్తకం తెరిచి, పడవెక్కిన ఇళ్ళ పేర్లు తలెత్తుకునే చదివాడు. యస్సై రాసుకుంటున్నాడు.

"శివ."

నాగులమ్మ ముందుకు తోసుకొచ్చింది. "వాడు రాలేదు! నేనొచ్చినా!"

"పుస్తకంలో ఆడపేరు ఉండదుమే. మీ ఆయన పోయినకాణ్ణించీ ఆ ఇల్లు శివ పేరే."

"అందరూ చూసినారు గదా! చెప్పండన్నా!"

తమతో ఒక ఆడది పోరుకొచ్చిందని ఒప్పుకోవడానికి వాళ్ళకు నోరు రాలేదు. యస్సై విసుక్కున్నాడు. "కొడుకు కోసం అందరమ్మలూ ఇదే చెప్తారు. పక్కకు పో."

ఇసుకలో ఆ కుర్రవాడు కూర్చుని ఉన్నాడు, చేతికి తువ్వాలు చుట్టుకుని. తువ్వాలు ఎర్రగా నానిపోయింది. ఆమెను చూడగానే వెనక్కి పాకాడు. నాగులమ్మ వాడి ముందు మోకాళ్ళ మీద కూలబడింది.

"నిన్ను కొట్టిందెవరో చెప్పు నాయనా. గట్టిగా చెప్పు."

వాడు వచ్చీరాని తెలుగులో వేరే ఏదో చెబుతున్నాడు. "సెలవుకు వచ్చాను... సోమవారం పరీక్ష... ఈ చేత్తో రాయాలి..."

అయినా ఆమె అడిగింది, ఇంకోసారి. "నన్ను చూపించు."

వాడు ఎడమచెయ్యి ఎత్తి ఆమెను చూపించాడు. నాగులమ్మ కొంగులోంచి సుత్తి తీసి యస్సై కాళ్ళ దగ్గర పెట్టింది. దాని మీద నెత్తురు ఇంకా ఆరలేదు.

"ఎముకలు విరిగినాయమ్మా. జైలుకు పోతావు, తెలుసా?" అన్నాడు యస్సై.

"ఆ పేరు కొట్టేయండి సార్. నాగులమ్మ అని రాయండి."

కొట్టేసేదాకా చూసి, జీపెక్కింది.

అప్పుడొచ్చాడు శివ, తలుపు పగలగొట్టుకుని, వేళ్ళ కణుపులు చితికిపోయి. జీపు కడ్డీ పట్టుకున్నాడు. "ఏం చేసినావమ్మా?" అన్నాడు. అంబులెన్సు ఎక్కిస్తున్న కుర్రవాడి చెయ్యి కనబడింది. "ఎవురిదా చెయ్యి?"

"నీ మాదిరే చదువుకునే బిడ్డది."

"నేనొచ్చుంటే..."

"నువ్వొచ్చుంటే నువ్వూ కొట్టుంటావురా. అందుకే తాళమేసినా."

వాడు కడ్డీ వదిలేశాడు. జీపు కదిలింది. ఒక్కసారి తన వైపు చూస్తాడేమోనని నాగులమ్మ మలుపు దాకా మెడ తిప్పే ఉంచింది. వాడు చూడలేదు. అంబులెన్సులోకి ఎక్కి, ఆ కుర్రవాడి చెయ్యి నెత్తురు కారకుండా పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు.