వల ఎక్కడ పెట్టారు

మనవరాలు పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. మేముండేది నాలుగో అంతస్తు. బాల్కనీ కమ్మీల మధ్య సందు బెత్తెడు పైనే ఉంది. పిల్ల తల దూరుతుందేమోనని కొలిచి చూశాను. కొలిచాక భయం రెట్టింపైంది. తలుపు గడియ వేసి, అడ్డంగా కుర్చీ వేసి, అందులో నేను కూర్చున్నాను. ఇలా ఎన్నాళ్లని? వల కట్టాల్సిందే.

మా తమ్ముడు ఆన్‌లైన్ దుకాణం కంపెనీలో పనిచేస్తాడు. ఏ వస్తువు ఏ విభాగంలో ఉండాలో తేల్చేది వాడి బృందమే. అదొక ఉద్యోగమట, దానికి ఏసీ గది కూడానట. వల తెప్పించి పెట్టరా అంటే కాగితం, పెన్ను పట్టుకొని వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"నువ్వే వెతుకక్కా. పేరు కొట్టకూడదు, విభాగాల్లోంచే వెళ్లాలి. నీలాంటివాళ్లకి దొరుకుతుందో లేదో చూడాలి."

"నాలాంటివాళ్లంటే?"

"మామూలువాళ్లు."

ఫోన్ తీసి 'ఇల్లు' నొక్కాను. దిండ్లు, కొవ్వొత్తులు, గోడ గడియారాలు. పిల్ల పడిపోతుంటే కొవ్వొత్తి పట్టుకుంటుందా? 'పిల్లలు' నొక్కితే గౌన్లు, బొమ్మలు. 'జీవనశైలి' అని ఇంకొకటి. ఎక్కడ పెట్టాలో తోచనివన్నీ కుక్కిన అటక అది. 'మరిన్ని' నొక్కితే లోపల మరో 'మరిన్ని'.

"ఇందులోనేనా?"

"నేను చెప్పకూడదు. నువ్వెక్కడ దారి తప్పుతావో రాసుకోవాలి."

"దారి వేసింది నువ్వు, తప్పింది నేనా?"

అదీ రాసుకున్నాడు.

ఇంతలో పిల్ల నా కుర్చీ కాలు పట్టుకొని లేచి నిలబడింది. మొదటిసారి. ఇంకొకరైతే సంబరపడేవారు. నాకు మాత్రం ఇక ఎక్కడం కూడా మొదలుపెడుతుందనే తోచింది. ఫోన్ వాడి ఒళ్లో పడేశాను.

"దారి తెలిసినవాడివి, నువ్వే చూపించు."

వాడు 'ఇల్లు'లోకి వెళ్లి వచ్చాడు. 'పనిముట్లు'లోకి వెళ్లి వచ్చాడు. 'తోట'లో చాలాసేపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"కిందటివారం మార్చాం. మా ఆఫీసులో పక్షుల వలల విభాగం చూసుకునేవాళ్లు ఇవీ మావేనన్నారు. పెంపుడు జంతువుల్లోకి పోయుంటాయి."

"నా మనవరాలు చిలకా?"

"కొనేవాళ్లని బట్టి కాదక్కా. ఆఫీసులో ఏది ఎవరు చూసుకుంటే దాన్ని బట్టి సర్దుతాం."

అంత చదువూ చదివి వీళ్లు సర్దుకున్నది వాళ్ల కుర్చీలు. పిల్లను చంకనేసుకొని వీధి చివరి ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లాను. కొట్టాయన పిల్లను చూశాడు, నా చేతిలోని కొలతల చీటీ చూశాడు.

"ఎన్నో అంతస్తమ్మా?"

"నాలుగు."

"అయితే సన్న కన్ను వల." వల చుట్ట కిందికి దించి కోసిచ్చాడు. అంతే.

తమ్ముడు స్టూలెక్కి పైన వల కట్టాడు, దిగి కిందకంటా వంగి ముళ్లు వేశాడు. పిల్లను ఎత్తుకొని నేను ఒక్కో ముడీ లాగి చూశాను.

"అక్కా, ఒక్క ప్రశ్న మిగిలింది. మా సైటు వాడటానికి ఎంత తేలిగ్గా ఉంది? పదికి ఎన్ని మార్కులు?"

"ఆ మూల ముడి వదులుగా ఉంది. విప్పి మళ్లీ కట్టు."