కారుకు బండల నేల

మా ఆయన బాలప్ప కారు కొన్న రోజు నేను పొయ్యి వెలిగించలేదు. కోపంతో కాదు, నవ్వి నవ్వి పొట్ట పట్టుకుని కూర్చున్నాను. వికారాబాద్‌లో ఒక ముసలి వకీలు దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని చూస్తుంటే, ఈయన నిధి దొరికినట్టు తోలుకొచ్చాడు. పిట్టంత కారు. ఎన్ని మైళ్లు తిరిగిందో చూపే ముల్లు ఎప్పుడో అలిసిపోయి ఆగింది, చక్రాలకే ఇంకా ఆ బుద్ధి పుట్టలేదు. ఒక తలుపు తాడుతో కడితే తప్ప మూతపడదు.

"రైలుంది గదయ్యా. తాండూరుకు రోజూ రైల్ల పోతే ఏమాయె?" అన్నాను. ఇల్లు వికారాబాద్‌లో, ఆయన బండల దుకాణం తాండూరులో.

"రైలు నేను పిలిస్తె వస్తదా?" అన్నాడు.

పిలిస్తే కారు మాత్రం వచ్చేదా! పొద్దున్నే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి తిప్పి చెమటలు కక్కితే, దానికి మనసైన రోజు దగ్గేది. అయినా కాకిపిల్ల కాకికి ముద్దు. ఒక నెల కొత్త హారన్ పెట్టించాడు. ఇంకో నెల పూడూరులో గొర్రెలు కాసే దేవప్ప దగ్గర నల్ల గొంగడి కొని, చిరిగిన పైకప్పు తీసేసి అది కుట్టించాడు. వానకు ఒక్క చుక్క దిగలేదు గానీ, ఎండ కాస్తే గొర్రెల మందలో కూర్చున్నట్టే ఉండేది. నేను ముక్కు మూసుకుంటే, "మస్తు చల్లగుంది గదనే" అనేవాడు.

ఇదంతా నవ్వుతూ చెప్పుకోవచ్చు. కానీ మా అత్త నాగవ్వకు ఆ కారుతో పెద్ద పని పడింది. పోలీసు యాక్షన్ రోజుల్లో మా ఆయన హైదరాబాద్ పోయి ఎంతకీ తిరిగి రాలేదు. ఎవరికి తోచిన కబురు వాళ్లు తెచ్చేవారు, ఒక్కటీ మంచిది కాదు. కొడుకు ఇల్లు చేరితే మా ఊరి పక్కనున్న అనంతగిరి గుట్ట కాలినడకన ఎక్కి పద్మనాభస్వామిని చూస్తానని అప్పుడు అత్త మొక్కుకుంది. కొడుకు చేరాడు. ఈమె మోకాళ్లు పోయాయి. ఆ తర్వాత పాలు విరిగినా, బర్రె తన్నినా, "నా మొక్కే తన్నింది" అనేది. ఏళ్లు గడిచాక ఒక మాటకొచ్చింది.

"కార్లనే వొయ్యి దండం వెట్టుకుంట. మాఫ్ చేస్తె చేస్తడు, లేకుంటె లేదు."

నోటితో అంది గానీ, ఆ మాట ఆమె మనసుకే పట్టలేదు. మాకు ఎన్ని గొడవలున్నా, ఆ రోజు నేనే మా ఆయనతో జాతర మాట ఎత్తాను. కార్తీక పున్నం జాతరకు పోదామని ముగ్గురం అనుకున్నాం.

ఇంతలో వానాకాలం వచ్చింది. కారు నేలకు వేసిన చెక్కలు చివికిపోయి, ఒకరోజు ఆయన సద్దిగిన్నె కాళ్ల మధ్య నుంచి జారి తాండూరు రోడ్డు మీద పడింది. వడ్రంగిని పిలవమన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"తాండూరు బండలు అమ్మేటోని కారుకు చెక్క నేలనా? నలుగురు నవ్వరా?"

మా వైపు ఇల్లన్నా, అరుగన్నా, పశువుల కొట్టమన్నా కింద బండలే. ఆ అలవాటు కారు దాకా పాకింది. ముందు నీలం బండ, వెనక పసుపు బండ, అద్దంలా నున్నగా రుద్ది, సందుల్లో సిమెంటు పూసి మరీ పరిచాడు. మూలిగే నక్క మీద తాటిపండు పడింది. కారు చూడి బర్రెలా కిందికి కుంగింది. అయినా చూడ్డానికి తాండూరు తాండూరంతా వచ్చిపోయింది. మా అత్త మురిసిపోయి శుక్రవారం చెంబుతో కడిగి ముగ్గు వేసింది. నేను మాత్రం తక్కువ తిన్నానా, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి ఎక్కాను.

జాతర రోజు ముగ్గురం బయలుదేరాం. చదును రోడ్డు మీద కారు బాగానే పోయింది. గుట్ట మొదలవగానే మూలిగింది, పొగ కక్కింది, ఆగింది. ఆగి ఊరుకోలేదు, వెనక్కి బయలుదేరింది. అత్త "గోవిందా" అంది. నేను మా ఆయన వంశంలో అందరినీ పేరు పేరునా తలుచుకున్నాను. నడిచి వస్తున్న జనం పరుగున వచ్చి చక్రాల కింద రాళ్లు పెట్టారు.

"ఇంజిన్ జర చల్లారనీ," అన్నాడు ఆయన.

"అది చల్లారేవరకు జాతర్నే అయిపోతది. బండలు తియ్యి."

"ఏం బండలు?"

"నెత్తిల ఉన్నయి కావు, కాళ్ల కిందియి."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బరువు కాదట, పెట్రోలు మంచిది కాదట. మేమిద్దరం ఇలా అరుచుకుంటుంటే అత్త నెమ్మదిగా అంది:

"ఊకోండ్రి. కార్ల వస్తున్ననని స్వామే ఆపిండు. నడుస్తనని చెప్పి గిట్ల వస్తె ఎవ్వలు రానిస్తరు? ఇంటికి మలుపు, కొడుకా."

కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా ఆయన కారు దిగాడు. రోడ్డు పక్కన కొబ్బరికాయల దుకాణానికి గుంజలు పాతుతున్న వాళ్ల దగ్గర గడ్డపార అడిగి తెచ్చాడు. మొదటి పోటు ముగ్గు మధ్యలోనే పడింది. ఎవరో ముసలాయన తొంగిచూసి, "కార్ల ఇల్లు కట్టుకున్నరా?" అని అడిగాడు. మా ఆయన బండలన్నీ ఒక్కొక్కటే తీసి చెట్టుకు ఆనించాడు.

ఇప్పుడు కారుకు నేలే లేదు. ఆయనకు పెడళ్లున్నాయి కాబట్టి సరిపోయింది. నేను వెనక సీటు మీద మఠం వేసుకున్నాను. ముందు కూర్చున్న అత్తకు కాళ్లు మడవడం రాదు. రెండూ కిందికి వేలాడి రోడ్డుకు తగిలాయి.

కారు కదిలింది. వెనక పదిమంది తోస్తున్నారు, అయినా నత్తతో పందెం వేయొచ్చు. అత్త కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది. ఒళ్లంతా సీటు మీదే ఉంది, మోకాలికి బరువు లేదు. కాసేపటికి ఒక్కసారిగా కేక పెట్టింది.

"ఓరి బాలప్పా! నేను నడుస్తున్నరా!"

మా ఆయన వంగి చూశాడు. నేను సీట్ల మీద నుంచి వంగి చూశాను. ఉత్త పాదాలు ఎర్రమట్టిలో టపటపా పడుతున్నాయి.

"కారు జర మెల్లగ నడుపు, నా అడుగు తప్పుతుంది!"

నాకు నవ్వాగలేదు. ఏడుపూ ఆగలేదు. తోసేవాళ్లకు సంగతి తెలిసి గోవిందలు కొట్టారు, ఈయన హారన్ కొట్టాడు. గొంగడి కప్పు కింద మా అత్త, చిన్నపిల్లలా కిలకిలా నవ్వుతూ, గుట్టంతా కూర్చునే నడిచి ఎక్కింది.

పైన ఇద్దరం చెరో చెయ్యి పట్టి దింపాం. మా ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి, గుడిలోకి పోయే ముందు తల్లి కాళ్లు కడగబోయాడు. ఆమె పాదాలు వెనక్కి లాక్కుంది.

"కడగకురా. ముందుగాల ఈ మట్టిని స్వామి చూడాలె."