పెద్దకోడలికి పాట

ఆ ఇంట్లో కొడుకు ఒక్కడే అయినా కోడళ్లు మాత్రం ఇద్దరు. చిన్నకోడలు కాపురానికి వచ్చి రెండు నెలలైంది. పెద్దకోడలు వచ్చి ఇరవై ఆరేళ్లు. లేత గోధుమరంగు ఒళ్లు, గుండ్రటి దీపాలు, తోలు సీట్లు, నాలుగు తలుపులు. ఇంజను బటన్ నొక్కితే ఒకసారి గొంతు సవరించుకుని, ఆ తర్వాతే లేస్తుంది. మామగారు దానికి ఒళ్లు తుడిచినంత శ్రద్ధగా తన పెళ్లిలో కూడా ముస్తాబు కాలేదని అత్తగారు అంటూ ఉంటుంది. కొత్తపెళ్లికూతురు ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడు పొద్దున్నే ఆయన హాల్లో నిలబడి, "పెద్దకోడలికి నూనె తగ్గినట్టుంది" అన్నప్పుడు ఆ పిల్ల కంగారుపడి తన తలే తడుముకుంది.

మామగారు పనిచేసింది వేలాల ఆఫీసులో. ముప్పై ఒక్క ఏళ్లు బల్ల వెనక కొయ్య సుత్తి పట్టుకుని నిలబడి, జప్తు చేసి తెచ్చిన బీరువాలూ కుర్చీలూ లారీలూ పాట పెట్టారు. అందుకని పాట అన్న మాట వింటే లోకానికి గొంతూ తాళమూ గుర్తొస్తాయేమో గాని, ఆయనకి మాత్రం సుత్తి గుర్తొస్తుంది. ఓసారి ఎవరి పెళ్లిలోనో కచేరీకి ఆలస్యంగా వెళ్లి, పక్కాయన్ని "పాట ఎంతదాకా వచ్చింది?" అని అడిగిన మనిషి.

అలాంటి మనిషి సోమవారం పొద్దున షెడ్డులో, కారు కింద పాత దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకుని ఉండగా, చిన్నకోడలు ఫోను చెవికి ఆనించుకుని షెడ్డు గుమ్మం దాకా వచ్చింది. ఆయన కింద ఉన్నట్టు ఆ పిల్లకి తెలియదు. ఆయనకి కనిపిస్తున్నవల్లా రెండు ఎర్ర చెప్పులు.

"మా మామయ్యగారి కారుకి పాట పెట్టించాలండీ," అంటోంది చెప్పుల పైనున్న గొంతు. "అవును, బాగా పాతది. పాట ఆదివారం పొద్దున పదింటికి. ఆయనకి తెలిస్తే ఒప్పుకోరు, అందుకని చెప్పట్లేదు. మీరోసారి వచ్చి చూసి వెళ్లండి."

ఎర్ర చెప్పులు వెళ్లిపోయాయి. మామగారి చేతిలోని పానా జారి ఛాతీ మీద పడింది. ఆయనకి నొప్పి కూడా తెలియలేదు.

కోడలు అన్న పాట ఒకటి, మామగారు విన్న పాట మరొకటి. ఆ పిల్ల మాట్లాడింది కార్లలో పాటల సిస్టమ్‌లు బిగించే మనిషితోనని కారు కింద ఉన్నాయనకి ఎవరు చెప్తారు? ఆయన లెక్కన విషయం తేలిపోయింది. పెద్దకోడల్ని ఆదివారం వేలం వేస్తున్నారు.

ఎందుకో కూడా ఆయనే ఊహించుకున్నారు. ఇల్లు చూస్తే రెండు గదులు, వాళ్లు చూస్తే కొత్త జంట. షెడ్డు ఖాళీ అయితే కిటికీ పెట్టి ఇంకో గది వేసుకోవచ్చు. తప్పేముంది? తప్పేమీ కనపడకపోవడమే ఆయనకి అన్నిటికంటే బాధగా ఉంది. కనపడితే ఒంటికాలి మీద లేచి కేకలేసి ఉండేవారు. పైగా ఆయనకి వేలాల సంగతి బాగా తెలుసు. సామాను తాలూకు మనుషులు వెనక గోడ దగ్గర నిలబడి, సుత్తి దెబ్బ పడేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేవాళ్లు. "కాస్త దారి వదలండి" అనేవారు ఈయన. ఇప్పుడా గోడ దగ్గర తనే నిలబడాలి కాబోలు.

ఆ రోజు నుంచీ ఇంట్లో జరిగే ప్రతిదీ ఆయనకి సాక్ష్యమే అయింది. కొడుకూ కోడలూ వంటింట్లో ఒకే గ్లాసు తోముతూ పావుగంట గుసగుసలాడారు. కొత్తగా పెళ్లైనవాళ్లు గ్లాసు తోముతూ పావుగంట ఏం మాట్లాడుకుంటారో ఆయనా ఒకప్పుడు ఎరిగినవారే గాని, ఇప్పుడు అది గుర్తు రాలేదు. రేటు గురించి, అనుకున్నారు. ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. మంచి రేటు వచ్చేలా ఉంది, అనుకున్నారు.

మంగళవారం ఒకాయన వచ్చాడు. సన్నగా, చేతిలో టేపుతో. వీధిలో అతన్ని సౌండు మాస్టారు అంటారు. చప్పుడు పెట్టెలోంచి రావాలి గాని మనిషిలోంచి కాదని అతని సిద్ధాంతం, అందుకని ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడతాడు. మామగారు పడకగది కిటికీలోంచి చూస్తున్నారు. ఆ మనిషి సీటు కొలిచాడు. తలుపుల మీద వేలితో కొట్టి చెవి పెట్టాడు. కోడలి చెవిలో ఏదో ఊదాడు. బ్రోకర్లు అచ్చం ఇలాగే ఉంటారని ఆయన సర్వీసంతా చూశారు. కానీ తలుపుకి చెవి పెట్టిన బ్రోకర్ని మాత్రం ఇదే చూడటం. ఆరితేరినవాడన్నమాట.

బుధవారం పొద్దున లేచేసరికి మామగారు ఒక నిర్ణయానికి వచ్చారు. పాటని ఆపరు. తనే పాడి, తన కారుని తనే దక్కించుకుంటారు. యజమాని తన సామాను తనే పాడకూడదన్నది ఆఫీసు రూలు. ఆ రూలు పేరు చెప్పి ఎంతమందిని బయటికి పంపారో లెక్కలేదు. ఆ రూలుని తల్చుకుని పళ్లు తోముకుంటున్నంతసేపూ సిగ్గుపడ్డారు. పుక్కిలించేసరికి సిగ్గు పోయింది.

ఇక మిగిలింది ధర పెరగకుండా చూడటం. మురికిగా ఉన్న బండికి పాట లేవదని ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పెరట్లో కుండీలోంచి తడిమట్టి తీసి, అటూ ఇటూ చూసి, పెద్దకోడలి బుగ్గలకి, అంటే ముందు మడ్‌గార్డులకి, రెండు చేతులా పులిమారు. పులుముతూ "ఏమనుకోకు" అన్నారు దానితో.

మర్నాడు వాకింగ్ నుంచి వచ్చి చూస్తే కారు తళతళ మెరుస్తోంది. మామయ్యగారికి ఒంట్లో బాగోలేదేమో, పాపం కారు కడుక్కోలేకపోతున్నారని చిన్నకోడలు చీర దోపుకుని తుడిచేసింది. పాటకి తయారు చేస్తోంది, అనుకున్నారాయన. మళ్లీ పులిమారు. ఆ పిల్ల మళ్లీ కడిగింది. శుక్రవారానికి కుండీలో మట్టి అయిపోయి మొక్క వాలిపోయింది. ఎలుకలు తవ్వేస్తున్నాయని అత్తగారు అంటే మామగారు గట్టిగా సమర్థించారు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన ఉండబట్టలేక, ఆదివారం ఏమైనా కార్యక్రమం ఉందా అని గోడని చూస్తూ అడిగారు. కోడలికి నీళ్లు పొలమారాయి. కొడుకు ఆ పిల్ల వీపు తట్టాడు, అవసరానికంటే కాస్త ఎక్కువసేపే. ఏమీ లేదు నాన్నా, సరదాగా నలుగురం కార్లో అలా తిరిగొద్దామనుకుంటున్నాం అన్నాడు. "నేను రాను, నాకు ఆ కార్లో కళ్లు తిరుగుతాయి" అంది అత్తగారు ఎప్పట్లాగే. కొడుకూ కోడలూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని తలలు దించుకున్నారు. కడసారి షికారన్నమాట, అనుకున్నారు మామగారు. ఆయన కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

శనివారం కొడుకు ఆయన్ని ఆటోలో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. అద్దాలు మార్చాలన్నాడు. అక్కడ కళ్లల్లో మందు వేసి మూడు గంటలు కూర్చోబెట్టారు. తిరిగొచ్చాక ఆయనకి అన్నీ మసకగా కనిపించాయి. తిన్నగా షెడ్డులోకి వెళ్లి కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. మందు ఘాటు అనుకుంది భార్య. కొంత మందు ఘాటే.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ఆఫీసు పెన్ను పెట్టుకుని, సరిగ్గా పదింటికి షెడ్డులోకి వచ్చారు. కొడుకు ఉన్నాడు. కోడలు పట్టలేని సంతోషంతో మునివేళ్ల మీద నిలబడి ఉంది. బలవంతాన లాక్కొచ్చిన అత్తగారు కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన సౌండు మాస్టారు.

"పాటకి ఇంతేనా మనుషులు?" అన్నారు మామగారు.

కోడలి మునివేళ్లు నేలకి దిగాయి. "మీకు తెలిసిపోయిందా మామయ్యగారూ?"

"సోమవారమే తెలిసింది."

"మరి కోపం రాలేదా?"

"కోపమెందుకమ్మా. నేనూ పాడతాను."

ఆ ఇంట్లో ఆయన స్నానాల గదిలో కూడా పాడగా విన్నవాళ్లు లేరు. మాస్టారు మాత్రం రెండడుగులు వెనక్కి వేసి, ఎంతో మర్యాదగా, "ముందు మీరే పాడండి సార్. మీరయ్యాకే నేను పెడతాను," అన్నాడు గుసగుసగా.

మామగారు గొంతు సవరించుకున్నారు. "ఎనభై వేలు."

మాస్టారు బెదిరిపోయాడు. "అంతొద్దు సార్. పని మూడు గంటలే పట్టింది."

వీడు గట్టివాడే, అనుకున్నారు మామగారు. "తొంభై."

"వద్దు సార్. మీ అబ్బాయిగారు ఇచ్చేశారు."

"లక్ష," అన్నారు మామగారు.

ముందుగా అర్థమైంది అత్తగారికి. ఆయనతో కాపురం చేసింది ఆవిడే కదా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా ఆగక కుర్చీ కూడా కదిలిపోయేలా నవ్వింది. "ఏమండీ, మీరు పాడుతున్నది దేన్ని?"

"పెద్దకోడల్ని."

"ఇన్నేళ్లూ ప్రాణం ప్రాణం అని, ఎనభై వేల దగ్గర మొదలుపెట్టారా?"

"మొదటి పాట తక్కువలోనే ఉండాలి," అన్నారాయన ఉడుక్కుంటూ. "అది పద్ధతి."

అప్పుడు వెలిగింది కోడలికి. చేతిలోని ఫోను మీద వేలు నొక్కింది. కార్లో ఎక్కడినుంచో ఒక ఆడగొంతు మెల్లగా అందుకుంది, వెనక వీణ. లోపల ఎవరూ లేరు. డాష్‌బోర్డు ఎప్పటి డాష్‌బోర్డే. ఆ కారుకి ఉన్నపళాన పాడటం వచ్చినట్టుంది, అంతే.

మామగారు ఫుట్‌బోర్డు మీద కూలబడ్డారు. "అయితే అమ్మట్లేదా?"

"ఎవరైనా అమ్ముతారా మామయ్యగారూ మా అక్కని?" అంది కోడలు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేస్తోంది.

ఆయన సంతోషం ఒక చరణం పాటు నిలిచింది. రెండో చరణంలో అసలు విషయం తలకెక్కింది. తన కారుని ఎవరో ముట్టుకున్నారు. చటుక్కున లేచారు. ఎక్కడ కన్నం పెట్టారని అడిగారు. ఒక్క కన్నం పెట్టలేదని, ఒక్క స్క్రూ కదపలేదని మాస్టారు గుసగుసగా ప్రమాణం చేశాడు. "ఈ బండికి బాడీ ప్లస్సు సార్, బ్యాటరీ ప్లస్సు తీగ బాడీకే కలుస్తుంది. ఈ కాలం సామానుకి బాడీ మైనస్సు. తెలియక కలిపితే పొగే. అందుకని మీ బ్యాటరీ జోలికి పోలేదు. పాటల పెట్టెకి వేరే చిన్న బ్యాటరీ పెట్టాను."

బాడీ ప్లస్సని తెలిసిన మనిషిని మామగారు చాలా ఏళ్ల తర్వాత చూశారు. కోపం సగం అక్కడే దిగింది. మిగతా సగానికి ఒక షరతు పెట్టారు. ఆ పాటల పెట్టె ఆయనకి దొరికితే పీకించేస్తారు, దొరక్కపోతే ఉండనిస్తారు. కోడలు దిగాలుగా సరేనంది. ఆ కారులో ఆయనకి తెలియని అంగుళం ఉంటుందా?

టార్చి తెచ్చారు. డాష్‌బోర్డు కింద తల దూర్చారు. పైకప్పు గుడ్డ తడిమారు. వెనకసీటు ఎత్తి చూశారు, డిక్కీ దులిపారు. మాస్టారు తన పనికి తనే మురిసిపోతూ కళ్లు మూసుకున్నాడు. పాట మారింది. డిక్కీ మూసి ముందుకి వచ్చేసరికి ముందుసీట్లో అత్తగారు కూర్చుని ఉంది.

"నీకు కళ్లు తిరుగుతాయిగా?" అన్నారాయన.

"నాకు కళ్లెప్పుడూ తిరగలేదు. ఈ కార్లో నోరు మెదపనిస్తే కదా మీరు. ఇంజను విను, ఇంజను విను అంటారు. ఎంతకని వింటాను? అది చెప్పిందే చెప్తుంది."

కొడుకు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఈ మాట అత్తగారు ఇంతకుముందు ఒక్క కోడలికే చెప్పింది. ఈ మొత్తం తతంగానికి మూలం అదే.

మామగారు ముందుతలుపు దగ్గర గొంతుక్కూర్చుని సీటు అంచు కింద చెయ్యి పెట్టారు. తోలు సన్నగా అదురుతోంది. వీణ మీటినప్పుడల్లా వేళ్లకి తెలుస్తోంది. ఇంకో జానెడు లోపలికి పోతే చాలు.

"కాస్త లేస్తావా?"

"లేవను," అంది ఆవిడ. కళ్లు మూసుకుని సీటుకి తల ఆనించింది. కాలి బొటనవేలు మ్యాటు మీద తాళం వేస్తోంది.

ఆయన ఆ బొటనవేలి వైపు కాసేపు చూశారు. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని, జేబురుమాలుతో నిదానంగా తుడుచుకున్నారు.

"దొరకలేదు," అన్నారు.

"సరిగ్గా వెతికారా?" అంది అత్తగారు కళ్లు తెరవకుండానే.

"వెతకడం నాకు ఒకళ్లు నేర్పక్కర్లేదు," అని గొణుక్కుంటూ ఆయన అటువైపు తిరిగి వచ్చి, స్టీరింగు ముందు కూర్చుని, పిల్లలిద్దర్నీ వెనక ఎక్కమన్నారు.