తెయోఫిలా కట్టిన పూలమట్ట

చలికాలమంతా తెయోఫిలాకు ఒకటే పని. అటక మీద ఎండబెట్టిన పూలూ గడ్డీ దించి, పుల్లల చుట్టూ దారంతో బిగించి పూలమట్టలు కట్టడం. లిథువేనియాలో విల్నో చుట్టుపక్కల పోలిష్ ఊళ్లలో ఆడవాళ్లందరూ కట్టేవే. కాకపోతే ఈమె కట్టినవి, ఏడాది తిరిగేలోగా ఊరు విడిచిపోయేవాళ్ల చేతిలో ఎండు వదిలి మళ్లీ చిగురించినట్టు పచ్చబడతాయి. మట్టల ఆదివారం చర్చి ముందు జనం ఒకరి చేతులకేసి ఒకరు ఓరగా చూసుకుని, ఎవరి ఇల్లు అమ్మకానికొస్తుందో తెలుసుకుని లోపలికి పోయేవారు.

ఆ ఏడు అందరి బెంగా బడి గురించే. పిల్లలు చాలడం లేదని పోలిష్ బడిని మూసేస్తామంటోంది జిల్లా మండలి. అందులో పోలిష్ వాళ్ల పార్టీకి ఉన్నది ఒక్క కుర్చీ. ఈసారి ఎన్నికల్లో పంతులమ్మ బ్రోన్యాని నిలబెడితే గట్టిగా పోట్లాడుతుందని ఊరంతా నమ్మింది. తెయోఫిలా మనవరాలు చదివేదీ ఆ బడిలోనే. పార్టీ పెద్ద కజిమెజ్‌కి మాత్రం ఈ మాట మింగుడుపడలేదు. ఏళ్ల తరబడి ఆ కుర్చీ ఆయనది, అక్కడ ఆయన చేసిందల్లా మండలి ఏమంటే దానికి చేయెత్తడమే.

మట్టల ఆదివారం బ్రోన్యా చేతిలో పూలు పచ్చబడ్డాయి. అందరూ ఓరగా చూసి లోపలికి పోయారు.

"నేనెక్కడికీ పోను," అంది బ్రోన్యా, ఆ సాయంత్రం పార్టీ వాళ్లు కూర్చున్నప్పుడు. కజిమెజ్ ఆమెతో వాదించలేదు. తెయోఫిలా వైపు తిరిగాడు.

"అత్తా, నువ్వే చెప్పు. నీ మట్ట ఎప్పుడైనా తప్పిందా?"

మంచుకి తడిసిందేమో అంటే సరిపోయేది. కానీ అది తల్లి నేర్పిన పని. పదిమందిలో దాన్ని తక్కువ చేయడానికి ఆ ముసలిదానికి మనసొప్పలేదు.

"ఎన్నడూ తప్పలేదు."

"పోయేవాళ్లకి కుర్చీ ఎందుకు మరి?" అన్నాడు కజిమెజ్ మెత్తగా. బ్రోన్యా పేరు కొట్టేశారు.

ఆయనే గెలిచాడు. మనవాళ్లు మనవాడికి కాక ఇంకెవరికేస్తారు? మండలి వాళ్లు ఊరికి రోడ్డు వేయిస్తామన్నారని, బడి మూసే తీర్మానానికీ ఎప్పటిలాగే చేయెత్తాడు. బడి పోయిన బ్రోన్యా ఆకులు రాలే కాలానికి సరిహద్దు అవతల ఎక్కడో పని వెతుక్కుంది.

"ఉండిపోదామనే అనుకున్నా, అవ్వా," అంది బస్సెక్కబోతూ. "నువ్వే పంపించావు."

తెయోఫిలా సిగ్గుతో చచ్చిపోయింది.

మళ్లీ మట్టల ఆదివారం వచ్చింది. చర్చి ముందు పిల్లలున్న ప్రతి తల్లి చేతిలోనూ పూలు పచ్చబడ్డాయి. మనవరాలిని పట్టుకు నిలబడ్డ కోడలి చేతిలోనూ. ఎండుగా మిగిలినవి కజిమెజ్ చేతిలోదీ, తెయోఫిలా చేతిలోదీ.

"పద అత్తా, పూజకి వేళైంది," అన్నాడాయన. ఇద్దరూ పక్కపక్కనే లోపలికి నడిచారు.