రాతి చేపలకు గాలి

తెలంగాణ కోసం పిలిచిన రెండు రోజుల బంద్‌లో అది మొదటి రోజు. రైళ్ళు ఆపేస్తారని తెలిసి మావారు ముందు రాత్రే మెట్టుగూడ రైల్వే ఆఫీసులో ఉండిపోయారు. ఇంట్లో నేనూ, మా అత్తగారు సుబ్బలక్ష్మి గారూ, మేడమీద గదిలో అద్దెకుంటున్న శిరీషా మిగిలాం.

పొద్దున్నే కిటికీల సందుల్లో తడి గుడ్డలు కుక్కుతున్నాను. అంతకు ముందు వారం క్యాంపస్ గేటు దగ్గర వదిలిన బాష్పవాయువు తార్నాకలో మా వీధిదాకా వచ్చింది. అత్తయ్యకి ఊపిరితిత్తులు పాడై మూడేళ్ళయింది. ఆవిడ మంచం పక్కన పెద్ద ఆక్సిజన్ సిలిండరు ఎప్పుడూ ఉంటుంది. ఆసుపత్రికి వెళ్ళాల్సివస్తే దారిలో పెట్టడానికి, సంచిలో వేసి భుజానికి తగిలించుకునే చిన్నది ఇంకొకటి ఉంది. పోయిన వారం చిన్నదాన్ని వాడాల్సి వచ్చింది. నింపే దుకాణం ముషీరాబాద్‌లో ఉంది. బంద్ ముగిసేదాకా దాన్ని తెరవరు.

శిరీష మెట్లు దబదబా దిగి వచ్చింది.

"ఆంటీ, మా ల్యాబ్‌ల పొద్దుగాల కరెంట్ వోయిందట. జనరేటర్ల డీజిల్ లేదట. దానియేలన్న ఫోన్ చేసిండు. పంపు బంద్."

పంపు ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. శిరీష పరిశోధన ఒక చిన్న చేప మీద. వేలెడంత ఉంటుంది. ఆదిలాబాద్ వైపు వాళ్ళ ఊరి పక్కన పారే వాగులో, నీళ్ళు ఉరుకుతూ దిగేచోట, గడ్డం కింద ఉన్న బొత్తాంలాంటి పట్టుతో రాయికి అతుక్కుని బతుకుతుంది. కూరకి పనికిరాదు కనక ఊళ్ళో దానికి పేరు కూడా లేదట, పిల్లలు రాతి చేప అంటారట. నిలవనీళ్ళలో దానికి ఊపిరాడదు. దసరా వెళ్ళాక పట్టుకొచ్చిన వాటిని పంపు పెట్టి పారే నీళ్ళలో పెంచుతోంది. అవి వానలదాకా బతికి, ఆ నీళ్ళలో గుడ్లు పెడితేనే ఆమె థీసిస్. వాగు ఇప్పుడు ఇసుక. మళ్ళీ పట్టుకురావడానికి చేపలు లేవు. ఇంకో ఏడాది ఆగుదామంటే ఆమె గైడు గారు ఈ సెప్టెంబరులో రిటైరవుతారు.

"కవర్లల్ల ఆక్సిజన్ నింపి ఇంటికి తెచ్చుకుంట. గీడ కరెంట్ ఉన్నది గద. ఆంటీ, చిన్న సిలిండర్ ఇస్తరా?"

గదిలోంచి అత్తయ్య పిలిచింది. ఆవిడకి ఊపిరి చాలదు గాని చెవులు బాగా పనిచేస్తాయి.

"ఏవిటే పద్మా, నా గాలి ఎవరికి కావాలంట?"

"చేపలకి అమ్మమ్మా," అంది శిరీష గుమ్మంలో నిలబడి.

"ఎంతెంత ఉంటాయి?"

శిరీష వేలు చూపించింది.

"పులుసుకి కూడా రావే. వాటికి నా సిలిండరా?" అత్తయ్య కాసేపు ఆగి ఊపిరి తీసుకుంది. "పద్మా, నువ్వూ వెళ్ళు. సిలిండరు తిప్పే తాళం నీ చేతిలోనే ఉండాలి. ఈ పిల్ల చేతికిస్తే చేపలు బతుకుతాయి, నేను పోతాను."

చిన్న సిలిండరు మీటరు చూశాను. నిండుగా ఉంటే నూటయాభై చూపించే ముల్లు వంద మీద ఉంది. యాభై మిగిలితే ఆసుపత్రి గుమ్మందాకా సరిపోతుంది, అంతకు తగ్గితే సరిపోదు. ఆ మాట శిరీషకి విడమరిచి చెప్పాను. "యాభై దగ్గర ఆపేస్తాను. అప్పుడు నన్ను అడగకూడదు."

"అడగ," అంది.

అత్తయ్యకి పెద్ద సిలిండరు గొట్టం పెట్టి, ఫోను చేతికందేలా ఉంచి, పక్కింటి భారతమ్మ గారిని వచ్చి కూర్చోమని చెప్పి బయల్దేరాను.

క్యాంపస్ గేటు దగ్గర ముళ్ళకంచె అడ్డంగా పెట్టారు. నా భుజానికున్న సంచి చూసి కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

"ఏందమ్మా గది?"

"ఆక్సిజన్ సిలిండరు."

"పేషెంట్ ఏడ?"

శిరీష నోరు తెరిచింది. హాస్టల్లో పేషెంటని చెప్పబోతోందని అర్థమైంది. అది చెబితే హాస్టలుదాకా వెంట వస్తాడు. నేనే ముందు చెప్పాను. "పేషెంటు లేడండీ. చేపలకి."

అతను వెనక్కి తిరిగాడు. "సార్, చేపలకు దమ్మొచ్చిందట."

నలుగురు నవ్వారు. ఎస్సై మాత్రం నవ్వలేదు. శిరీష యూనివర్సిటీ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీళ్ళలో ఉండేవాటికి ఆక్సిజనేంటమ్మా?"

"నీళ్ళల్ల కరిగిందే పీలుస్తయి సార్. నీళ్ళు పారకుంటే..."

"సరే, సరే. పాఠం తర్వాత. గంటలో బయటికి రండి. తర్వాత ఏమైనా నన్ననొద్దు."

గేటు దాటి కొంచెం వెళ్ళాక కొమ్మలు నరికి రోడ్డు మీద పడేశారు. వాటి వెనక కుర్రాళ్ళు బైఠాయించి ఉన్నారు. అందులో ఒకతను లేచాడు. మెడలో గులాబీ రంగు కండువా ఉంది.

"శిరీషా, పోలీసోళ్ళు నిన్నెట్ల వదిలిన్రు? గా ఆంటీ ఎవరు?"

"మా ఓనర్ ఆంటీ. తొవ్వియ్యి బాలరాజూ."

"కొంచెం దారివ్వండి బాబూ," అన్నాను. అనగానే నా యాస అందరికీ వినబడిందని తెలిసింది.

"ఓహో. ఆయ్, ఏ ఊరండీ తమరిది?" అన్నాడు బాలరాజు సాగదీస్తూ. వెనకవాళ్ళు ఈలలు వేశారు.

"రాజమండ్రి."

"అంటే మా గోదారి నీళ్ళు తాగొచ్చిన్రు."

"మీ వైపు నుంచే రావాలి కదా నాయనా. మీరు వదిలితేనే మేం తాగేది."

అతను నన్ను తేరిపార చూశాడు. శిరీష ఆగలేకపోయింది. "నీ లొల్లి తర్వాత జేస్కో. ఆడ నా చేపలు సస్తున్నయ్."

"నీకు చేపలు తప్ప ఉద్యమం లేదు," అన్నాడు గాని, కొమ్మ పక్కకి లాగాడు.

ల్యాబులో గాజు కాలవలాంటి తొట్టి. అడుగున వాగులోంచి తెచ్చిన నల్లరాళ్ళు. ల్యాబు అటెండరు దానియేలు బల్ల ఎక్కి నిలబడి మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తున్నాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది.

"మొదటిది రాయి ఎప్పుడు వదిలింది అన్నా?" ఇదీ శిరీష అడిగిన మొదటి ప్రశ్న.

"చేతులు నొప్పివెట్టి సస్తున్న బిడ్డా. గడియారం ఎవడు చూసిండు?"

చాలా చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. కొన్ని పక్కకి ఒరిగి మళ్ళీ నిటారు అవుతున్నాయి. శిరీష వల తీసుకుని పైకి తేలినవాటిని ఎత్తడం మొదలుపెట్టింది. దానియేలు పాలిథిన్ కవర్లు విప్పి పట్టుకున్నాడు. కవరులో మూడోవంతు నీళ్ళు, వాటిలో రెండు చేపలు. పైనున్న గాలంతా పిండేసి, గొట్టం నీళ్ళ అడుగుదాకా దింపితే నేను తాళం తిప్పాలి. కవరు బిగిశాక తాళం మూస్తే, మూతి మెలిపెట్టి రబ్బరుబ్యాండు చుట్టాలి. మొదటి కవరుకి కంగారుపడి ఎక్కువ తిప్పాను. పక్కనుంచి చాలా గాలి వృథాగా పోయింది. రెండోదానికి చెయ్యి కుదిరింది.

ముల్లు తొంభై దాటింది, ఎనభై దాటింది. నేను చేపల్ని చూడలేదు, ముల్లునే చూశాను. శిరీష వల వేసినప్పుడల్లా పైనున్న వాటిలో మరీ నీరసంగా ఉన్నదాన్నే వెతికి ఎత్తుతోంది. ఒక్కో చేపకి ఏదో గొణుగుతోంది కూడా. గేటు వైపు నుంచి నినాదాలు పెద్దవయ్యాయి.

ముల్లు యాభైకి వచ్చింది. తాళం బిగించాను.

"శిరీషా, అయిపోయింది."

వల పట్టుకుని తొట్టి వైపు తిరిగింది. పైన తేలేవి ఇక లేవు. గాజుకి మొహం ఆనించి రాళ్ళ కేసి చూసింది. నేనూ చూశాను. నల్లరాళ్ళ మీద, రాళ్ళ రంగులోనే, ఇంకా అతుక్కునే ఉన్నాయి, పది దాకా. పంపు ఆగి ఇంతసేపైనా పట్టు వదలనివి.

"గట్టియన్నీ ఇవే ఆంటీ. సచ్చేటివాటిని ముందు నింపిన."

నీళ్ళలో పడి కొట్టుకుంటున్న వాళ్ళని చూస్తే ఎవరైనా ముందు వాళ్ళనే లాగుతారు. నేనైనా అంతే చేసేదాన్ని. కాని గాలి తక్కువున్నచోట అలా చెయ్యకూడదని అప్పుడు మా ఇద్దరికీ తోచలేదు.

"రెండు కవర్లు ఇప్పి, వీటిల కొన్నన్న పెడ్త. జర గాలి ఇయ్యుండ్రి. పది అంకెలు. పదే."

"అడగనన్నావు."

"అడిగిన. అడుగుతున్న."

పోయిన వారం అత్తయ్య పెదాలు నేరేడుపండు రంగుకి తిరగడం నేను చూశాను. ఆటోలో ఈ సిలిండరే నా ఒళ్ళో పెట్టుకుని ముల్లుని చూస్తూ వెళ్ళాను. తాళం తీసి జాకెట్టులో దోపుకున్నాను.

"లేదమ్మా."

శిరీష ఏడవలేదు. నా వైపు చూసిన చూపు మాత్రం అద్దెకున్న పిల్ల ఇంటావిణ్ణి చూసే చూపు కాదు. అంతలో గేటు వైపు ఢామ్మని ఒకటి, వెంటనే రెండు పేలాయి. కుర్రాళ్ళు పరిగెడుతున్న చప్పుడు.

"గ్యాస్ ఇడ్శిన్రు," అన్నాడు దానియేలు. "బిడ్డా, బకెట్ల తీస్కపోదాం. పోసుకుంట పోదాం."

చేపని రాయి మీంచి తొందరలో లాగితే గడ్డం కింద పట్టు చినుగుతుందట. అందుకని శిరీష చేపలతో సహా రాళ్ళనే ఎత్తి బకెట్లో పెట్టింది. బరువుకి బకెట్టు పిడి వంగింది. దానియేలు కవర్లున్న అట్టపెట్టె ఎత్తుకున్నాడు. నేను సిలిండరు భుజాన వేసుకుని మగ్గు పట్టుకున్నాను. పది అడుగులు వెయ్యడం, బకెట్టు దించడం, నీళ్ళు ఎత్తి పైనుంచి ధారగా పోయడం, మళ్ళీ ఎత్తడం. కొమ్మల దగ్గరికి వచ్చేసరికి శిరీష వేళ్ళు ఎర్రగా కమిలిపోయాయి.

బాలరాజు కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తడి కండువా ముక్కుకి చుట్టుకున్నాడు. బకెట్లోకి తొంగిచూశాడు.

"బండలు తీస్కపోతున్నవా?"

"చేపలున్నయ్ వాటి మీద. సక్కగ సూడు."

"నీ అవ్వ," అని బకెట్టు లాక్కున్నాడు. "గేటు కాడికి పోవద్దు. క్వార్టర్ల ఎనక నుంచి రండ్రి."

క్వార్టర్ల వెనక సందులోకి కూడా గ్యాస్ వచ్చింది. తెల్లగా, నేలబారుగా. శిరీష చున్నీ తడిపి బకెట్టు మీద బిగించింది. మగ్గుతో పొయ్యాలంటే చున్నీ తియ్యాలి.

"తీస్తే నీళ్ళల్ల కరుగుతదా?" అడిగాడు బాలరాజు.

"తెల్వదు," అంది శిరీష. "గిది ఎవరూ పరీక్ష చెయ్యలే."

తియ్యలేదు. పొయ్యకుండానే సందు చివరిదాకా పరిగెత్తాం. నా కళ్ళు మండి ఏమీ కనబడలేదు. దానియేలు చొక్కా పట్టుకుని నడిచాను. తార్నాక రోడ్డు మీదికి రాగానే శిరీష చున్నీ లాగేసి, నా చేతిలో మగ్గు అందుకుని పోసింది, పోసింది. ఇల్లు వచ్చేదాకా ఆపలేదు. బాలరాజు మా గేటు బయటే బకెట్టు దించి, నావైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

నేను చేపల సంగతి వాళ్ళకి వదిలేసి గదిలోకి వెళ్ళాను. అత్తయ్య మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. భారతమ్మ గారు తడి తువ్వాలుతో ముఖం తుడుస్తున్నారు. గ్యాస్ ఇక్కడికీ వచ్చింది, పల్చగా. పెద్ద సిలిండరు ముల్లు నేను వెళ్ళినప్పటికంటే బాగా దిగింది. గాలి ఆవిడే పెంచుకుంది. పెదాలు చూశాను. మామూలుగానే ఉన్నాయి.

"బతికాయా?" అంది.

"ఇంకా తెలీదు."

"నా చిన్నది?"

మీటరు చూపించాను. చత్వారపు కళ్ళు దగ్గరికి పెట్టి చూసి, తలాడించి వెనక్కి వాలింది.

వసారాలో కూలరు గడ్డి తలుపులు ఊడదీశాను. అడుగు తొట్టి కడిగి, డ్రమ్ములో మొన్న పట్టిన నీళ్ళు పోశాను. కుళాయి నీళ్ళయితే అందులో కలిపే క్లోరిన్ మందు వాటిని చంపుతుంది. రాళ్ళు దింపి కూలరు పంపు పెడితే, నీళ్ళు పైకెక్కి సన్నగా వాటి మీద పడ్డాయి. శిరీష కవర్లు కొంచెంసేపు ఆ నీళ్ళ మీద తేలనిచ్చి, తర్వాత ఒక్కొక్కటే విప్పింది. వాటిలో చాలావరకు అప్పటికే తెల్లగా తిరగబడి ఉన్నాయి. బకెట్లో వచ్చిన వాటిలో ఒక్కటి తప్ప అన్నీ రాయి పట్టుకునే ఉన్నాయి.

ఆమె చచ్చిపోయినవాటిని ఫార్మలిన్ సీసాలో వేసింది. మిగిలినవాటిని చాలాసేపు మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. మగవాటికి ఈ కాలంలో మూతి మీద చిన్న చిన్న గింజలు లేస్తాయట.

"ఆడయి నాలుగున్నయ్ ఆంటీ."

"చాలా?"

"సాలవు. ఎనిమిదన్న ఉండాలె." మోచేత్తో మొహం తుడుచుకుంది. "నాలుగుతోనే రాయాలె ఇగ. సార్ ఒప్పుకుంటడో లేదో."

నేను ఓదార్చలేదు. ఆ పది అంకెలు ఇచ్చి ఉంటే ఇంకెన్ని మిగిలేవో ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు. ఆ రోజు చిన్న సిలిండరు అవసరం రాలేదు. మర్నాడు కూడా రాలేదు. అయినా ఇప్పుడడిగినా అక్కడే బిగిస్తాను.

సాయంత్రం మా వీధి కరెంటు ఒకసారి పోయి వచ్చింది. పంపు ఆగి మళ్ళీ తిరిగే లోపల శిరీష మగ్గు పట్టుకుని లేచి నిలబడింది. ఇంట్లో ఇన్వర్టరు లైను అత్తయ్య గదికి మాత్రమే ఉంది.

"ఇలా తీసుకురండే," అంది అత్తయ్య లోపల్నుంచి. "నీచు వాసన నేను పడతాలే. వస్తూ వస్తూ గడపకి కొట్టకండి, తొణుకుతుంది."

దానియేలు ఒకవైపు, శిరీష ఒకవైపు కూలరు పట్టుకున్నారు. నేను ముందు నడిచి మంచం కింద చెప్పులు, ఉమ్మి చెంబు పక్కకి జరిపాను. ప్లగ్గు పెట్టాక ముగ్గురం నీళ్ళలోకి వంగాం. ఒక చేప రాయి వదిలి, నీళ్ళు పడేచోటికి ఈదింది. అక్కడ కాసేపు తడుముకుని తొట్టి గోడకి అతుక్కుంది.

"టైం ఎంతయింది అన్నా?" అడిగింది శిరీష నోటుపుస్తకం తెరుస్తూ.

ఈసారి దానియేలు గడియారం చూసి చెప్పాడు.