హ్యాండ్‌బ్రేకు

రాఘవన్ లెక్కలో బండ్లు రెండే రకాలు: తన అంబాసిడర్, తక్కిన చెత్త. మిల్లులో డ్రైవరుగా చేసి రిటైరై పదేళ్లయినా, ఉప్పళం సందులో ఆ తెల్ల కారును తుడవందే కాఫీ ముట్టడు. దాని హ్యాండ్‌బ్రేకు తీగ తెగి ముప్పై ఏళ్లు. బాగు చేయించమని భార్య కనగం అడిగినప్పుడల్లా "రాయి ఉంది గదా" అనేవాడు. వాలులో కారు ఆగితే చాలు, కనగం దిగి వెనక చక్రం కింద రాయి పెట్టాలి. ఎవరూ చెప్పనక్కర్లేకుండా ఆవిడకది అలవాటైపోయింది.

ఆ ఉదయం అల్లుడు రవిచంద్రన్ తన కొత్త పికప్ ట్రక్కులో మామను తేంగాయితిట్టు రేవుకు తీసుకొచ్చాడు. రేవులో చేపలు కొని హోటళ్లకు వేయడం అతని వ్యాపారం. ఇంటికి రొయ్యలు కావాలని కనగం కూడా వెనక సీట్లో ఎక్కింది. వేలం మొదలవుతుంటే రవిచంద్రన్ దిగిపోతూ తాళం మామ చేతిలో పెట్టాడు.

"రివర్సులో మెల్లగా కిందికి తెచ్చి షెడ్డు పక్కన ఆపు మామా. వెనక ఏమన్నా ఉంటే బండే అరుస్తాది. ఈ స్క్రీను చూస్తే చాలు."

"ముప్పై ఐదేండ్లు మెడ తిప్పి తోలినోణ్ణి. టీవీ చూసి తోలాల్నా?" అన్నాడు రాఘవన్.

అద్దాలు మూసి ఉన్నాయి, ఏసీ నడుస్తోంది. నాలుగడుగులు వెనక్కి వచ్చాడో లేదో బండి కీచుమంది. ఐసు పెట్టె. మళ్లీ కీచుమంది. కుక్క. తన అంబాసిడర్ ఏనాడైనా ఇట్లా నోరు చేసుకుందా అని విసుక్కున్నాడు. గంప ఎత్తుకుని ఒకామె అడ్డం వస్తే వాలు మధ్యలో ఆపాడు. వెనక తలుపు తెరుచుకుని మెత్తగా మూసుకుంది. కనగం రొయ్యలకు దిగిందనుకున్నాడు.

కనగం రొయ్యల వైపు పోలేదు. బండి వాలులో ఆగింది. ఆవిడకు తెలిసింది ఒకటే. దారి పక్కన ఉన్న రాయి ఎత్తుకుని వెనక చక్రం దగ్గర గొంతుక్కూచుంది. ఈ బండి వెనక తొట్టి తలుపే మనిషంత ఎత్తు, దాని కింద కూచున్న మనిషి మెడ తిప్పి చూసినా కనబడదు.

గంప దాటిపోయింది. రాఘవన్ బ్రేకు వదిలాడు. బండి అరుపు మొదలైంది. గట్టు మీద చేపలమ్మే రాసాత్తి చేతులూపుతోంది, బేరానికి పిలుస్తోందనుకున్నాడు. ఇద్దరు పడవవాళ్లు నోళ్లు తెరిచి ఏదో అంటూ పరిగెత్తి వస్తున్నారు. అద్దం దాటి ఒక్క మాట లోపలికి రాలేదు. మెడ తిప్పి చూశాడు. ఎవరూ లేరు. ఇంకో జానెడు వదిలాడు. అరుపు ఎడతెగకుండా ఒకటే ఏడుపైంది. దీని నోరు మూయించే మీట ఎక్కడుందోనని కోపంగా స్క్రీను వైపు తిరిగాడు.

అందులో నీలం చీర, వంగిన వీపు, రాయిని తోస్తున్న రెండు చేతులు.

బ్రేకును పాతాళానికి తొక్కాడు. హ్యాండ్‌బ్రేకు గుంజి దిగాడు. బండిని పట్టుకుని వెనక్కి నడిచాడు. చక్రానికీ ఆవిడ వేళ్లకూ మధ్య బెత్తెడు కూడా సందు లేదు. ఆవిడ చేతులు లాక్కుని ఒక్కొక్క వేలూ తడిమి చూశాడు. తన జన్మలో అంత భయం ఎన్నడూ ఎరగడు.

"చెప్పి దిగకూడదా?" అన్నాడు.

కనగం చేతులు విడిపించుకుని లేచింది.

"ముప్పై ఏండ్లలో ఏ పొద్దన్నా చెప్పి దిగినానా? బ్రేకు బాగు చేయించమని మాత్రం చెప్తానే ఉండా. నేను చెప్తే వినలేదు. ఈ పొద్దు బండి అరిస్తే విన్నావు."